తొమ్మిదో నంబరు నవ్వు

ఆ రోజు ఆళ్లగడ్డ హైస్కూలు ఆవరణలో ఉన్న వస్తువులు ఇవి. కెమెరా ఒకటి. బొమ్మ ఎలా పడుతోందో చూసుకునే చిన్న టీవీ ఒకటి. స్పూలు టేపు మెషీన్లు రెండు: ఒకటి పాట వినిపించడానికి, రెండోది అక్కడి ధ్వనిని పట్టడానికి. మైకులు నాలుగు. లౌడ్‌స్పీకర్లు రెండు. వోల్టేజి స్టెబిలైజరు ఒకటే. షామియానా, బల్లలు కలిపి కట్టిన వేదిక, వెనక నీలం పరదా.

ఉన్న మనుషులు: డైరెక్టరు సత్యమూర్తి గారు, కెమెరామన్, నేను. పాటలు పాడే పిల్లలు పదకొండు మంది. వాళ్లలో పదో తరగతి చదివే ఎస్తేరు, ఆమె క్లాసువాడు ఓబులేసు. ఎస్తేరు తండ్రి దానం సారు. బడి గేటు దగ్గర ఉడకబెట్టిన శనక్కాయలు అమ్మే సుంకులమ్మ. వీళ్లు కాక ఊరి జనం సుమారు మూడు వందల మంది. టైము నాలుగు కావడానికి పది నిమిషాలు తక్కువ.

స్టెబిలైజరు ఒకటే అన్న మాట గుర్తుంచుకోండి. నేను చెప్పబోయేదంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

నా పని

నేను సౌండ్ రికార్డిస్టుగా రిటైరయ్యాను. ఎన్నేళ్లు చేశాను, ఏ హోదాలో దిగాను అనేవి మీకు అక్కర్లేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు కొందరు నా దగ్గరికి వస్తుంటారు. ఏ మైకు కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అని అడుగుతారు. అవి నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నాకు తెలిసి వాళ్లకు తెలియనిది ఒకటుంది. మనం పట్టే ప్రతి ధ్వనీ ఎవరో ఒకరిది. టేపు కోసినంత మాత్రాన అది మనది అయిపోదు. ఇది నేను నేర్చుకున్నది నా మొదటి సీరియల్లోనే, కానీ నేర్చుకోవాల్సిన సమయం దాటిపోయాక.

మాది నంద్యాల. డెబ్బైల చివర్లో పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాను. ఆ తర్వాత కొన్నేళ్లు ఒక మైకు సెట్ల షాపులో పని. పెళ్లిళ్లకు, తిరునాళ్లకు, ఎన్నికల మీటింగులకు లౌడ్‌స్పీకర్లు కట్టేవాణ్ణి. ఎనభైల మధ్యలో మా ప్రాంతంలో టీవీ అందడం మొదలైంది. అప్పుడే సత్యమూర్తి గారు ఒక సీరియలు తీయడానికి నంద్యాల వచ్చారు. పేరు ‘ఎనిమిదో పీరియడ్’. పదమూడు భాగాలు. బడిలో ఏడు పీరియడ్లే ఉంటాయి. బడి వదిలాక కొందరు పిల్లలు ఒక గదిలో చేరి పాటల బృందం కడతారు, అదే వాళ్ల ఎనిమిదో పీరియడ్. ప్రతి భాగంలో ఒక తంటా, నాలుగు జోకులు, ఒక పాట. సినిమా పిల్లలు వద్దు, ఇక్కడి పిల్లలే కావాలి అని ఆయన పట్టు. నంద్యాల, ఆళ్లగడ్డ బళ్లలో పాడించి చూసి పదకొండు మందిని ఎంచుకున్నారు. సౌండుకు సిటీ నుంచి రావలసిన మనిషి రాలేదు. మైకు షాపులో నన్ను చూసి, రెండు ప్రశ్నలు అడిగి, పనిలో పెట్టుకున్నారు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు.

సత్యమూర్తి గారు మంచి డైరెక్టరు. ఇది ముందే చెప్పేయాలి, ఎందుకంటే తర్వాత నేను చెప్పేది విని తప్పంతా ఆయనదే అనుకునే వీలుంది. పిల్లల మీద ఎప్పుడూ అరవలేదు. వాళ్లు తిన్నాకే తాను తినేవాడు. ఆయనకు ఉన్న లోపం ఒక్కటే. సీరియల్లో చూసేవాళ్లు నవ్వాల్సిన చోట నవ్వు వినపడకపోతే ఆయనకు భయం.

పెదవులు ఆపొద్దు

పాటలు ముందే రికార్డు చేసేవాళ్లం. నంద్యాలలో ఒక అద్దె ఇంట్లో, కిటికీలకు పరుపులు అడ్డం పెట్టి. తర్వాత షూటింగులో ఆ టేపు స్పీకర్లలో వినిపిస్తే పిల్లలు దానికి తగ్గట్టు పెదవులు కదిపేవాళ్లు. సినిమా వాళ్లకు ఇది పాత సంగతి. మా పిల్లలకు కొత్త.

పదకొండు మందిలో గొంతు ఎస్తేరుదే. దానం సారు మిషన్ బడిలో టీచరు, ఆదివారం చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. ఆమె ఐదో ఏటి నుంచి ఆ హార్మోనియం పక్కన నిలబడి పాడింది. పైస్థాయిలో కూడా ఆమె గొంతు సన్నబడదు, నిండుగానే ఉంటుంది. మైకును మూడడుగుల దూరంలో పెట్టినా సరిపోయేది. పది పూర్తవగానే కర్నూలులో సంగీతం కాలేజీకి పంపాలని దానం సారు అప్పటికే నిశ్చయించుకున్నాడు. “మా పాప మ్యూజిక్ టీచరు అవుతుందప్పా. బడిలో జీతానికి పాడుతుంది, చర్చిలో దేవునికి పాడుతుంది” అని నాతో రెండుసార్లు అన్నాడు. ఎస్తేరు ఆ మాట వింటే సిగ్గుపడేది కాదు. “జీతం వచ్చినాక నీ హార్మోనియంకు కొత్త తిత్తి కుట్టిస్తా నాయనా” అనేది.

పెదవులు కదపడమే ఆమెకు కష్టమైంది. పాట ఎక్కడైనా తప్పితే గొంతు సర్దుకోవడం అలవాటు, టేపును అనుసరించడం అలవాటు కాదు. మధ్యలో ఆగిపోయేది. నేనే నేర్పాను.

“ఏం జరిగినా పెదవులు ఆపొద్దు పాపా. స్పీకర్లో ఏం వస్తే నీ నోట్లో అదే. కుక్క వచ్చి కాలు పట్టినా ఆపొద్దు.”

“కుక్క కరిస్తేనో మైకన్నా?” అన్నాడు ఓబులేసు. పిల్లలు నన్ను అలాగే పిలిచేవాళ్లు.

“నువ్వు ఉండగా కుక్కకు అంత తావు యాడుంది లేరా” అంది ఎస్తేరు.

“చూసినావా మైకన్నా! ఇది పాటలో నోరు తెరిస్తే ఈగ దూరుతుంది, మాటలో నోరు తెరిస్తే పులి దూకుతుంది.”

ఇద్దరూ రోజంతా ఇలాగే. కెమెరా ఉందో లేదో వాళ్లకు పట్టేది కాదు. సీరియల్లో సగం జోకులు సత్యమూర్తి గారు వాళ్లిద్దరి మాటల్లో నుంచి ఎత్తి రాసుకున్నవే. నాలుగు రోజుల్లో ఎస్తేరు పెదవుల పని నేర్చుకుంది. ఎంతగా అంటే, నేను పరీక్ష కోసం టేపును చేత్తో కాస్త పట్టి నెమ్మది చేస్తే, ఆమె పెదవులూ అంతే నెమ్మదయ్యేవి. భేష్ అన్నాను.

నవ్వుల వేట

జోకుల తర్వాత పెట్టడానికి నవ్వులు కావాలన్నారు సత్యమూర్తి గారు. సిటీ నుంచి తెచ్చిన టేపులో నవ్వులు దొరలు నవ్వినట్టు ఉన్నాయి, మన జనం నవ్వినట్టు లేవన్నారు. “నువ్వే పట్టుకురావయ్యా” అన్నారు.

పట్టుకురావడానికి బయలుదేరాను. ఒక్కో నవ్వుకు ఒక స్పూలు, ఒక డబ్బా, ఒక నంబరు. డబ్బా మీద ఊరు, ఎన్ని సెకన్లు అని నల్ల ఇంకుతో రాసేవాణ్ణి. ఒకటో నంబరు నంద్యాలలో ఒక టీ హోటలు: నవ్వుకంటే గ్లాసుల చప్పుడు ఎక్కువ. రెండు, మా పాలిటెక్నిక్ హాస్టలు. ఏళ్లు గడిచినా పరీక్షలు గట్టెక్కక అక్కడే ఉన్న నా పాత స్నేహితుల ముందు మైకు పెట్టి నవ్వమన్నాను.

“దేనికి నవ్వేదిరా?”

“దేనికీ లేదు. ఊరికే నవ్వండి.”

“ఊరికే నవ్వేదానికి మమ్మల్నేమన్నా పిచ్చోళ్లు అనుకుంటాండావా? సప్లిమెంటరీ రిజల్ట్స్ వచ్చే దినం రా, ఏడుపులు పట్టుకో, బాగుంటాయి.”

ఆ మాటకు అందరూ విరగబడి నవ్వారు. అప్పుడు టేపు ఆన్‌లో లేదు. మళ్లీ నవ్వమంటే దగ్గినట్టు నవ్వారు. మూడు, ఆడపిల్లల బడి: మైకు చూసి నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. అలా ఎనిమిది నంబర్లు అయ్యాయి. అన్నీ విన్నాక సత్యమూర్తి గారు హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, “అడిగి తెచ్చుకున్న నవ్వులివి” అన్నారు. “అడక్కుండా వచ్చేది కావాలి.”

అందుకే రెండో భాగం ఆళ్లగడ్డలో జనం ముందు తీయాలని నిర్ణయించారు. బడి వార్షికోత్సవం సన్నివేశం. ఊళ్లో దండోరా వేయించారు. జనానికి సీరియలు అని తెలుసు. పాట టేపులో వస్తుందని మాత్రం తెలియదు. పిల్లలు అక్కడే, అప్పుడే పాడతారనుకున్నారు. మేమూ చెప్పలేదు. టేపు అని తెలిస్తే వాళ్ల ముఖాల్లో ఆసక్తి పోతుందని సత్యమూర్తి గారి అభిప్రాయం. అది నిజమే కూడా.

నాలుగు గంటలు

మా వైపు పొలాల మోటార్లకు కరెంటు వేరే వేళల్లో ఇచ్చేవాళ్లు. ఆ రోజుల్లో ఆళ్లగడ్డ చుట్టుపక్కల అది సాయంత్రం నాలుగింటికి వచ్చేది. ఇచ్చిన నిమిషంలో రుద్రవరం దాకా బోర్లన్నీ ఒక్కసారి లేస్తాయి. బజారులో బల్బులు నారింజ పండు రంగుకు తిరుగుతాయి. పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. మైకు సెట్లు కట్టినవాణ్ణి, నాకు తెలియకపోవడమేమిటి? వోల్టేజి పడితే పాత టేపు మెషీను మోటారు నెమ్మదిస్తుందని నాకు డిప్లొమా మొదటి సంవత్సరమే తెలుసు.

స్టెబిలైజరు ఒకటే. మెషీన్లు రెండు. దాన్ని పాట వినిపించే మెషీనుకు పెట్టాలా, ధ్వని పట్టే మెషీనుకు పెట్టాలా అని ఒక నిమిషం ఆలోచించాను. పట్టే మెషీనుకే పెట్టాను. జనం నవ్వు శుద్ధంగా రావాలి, అది నా పేరు మీద ఉండే పని. పాట నాలుగింటి లోపే అయిపోతుందనుకున్నాను.

అయిపోలేదు. ముందు తీసిన హాస్య సన్నివేశం మూడుసార్లు తీయాల్సి వచ్చింది. జనం నవ్వలేదు. ఓబులేసు చేతనైనదంతా చేశాడు. ముందు వరసలో కూర్చున్న సుంకులమ్మ నా వైపు వంగి, “ఏంది మైకప్పా, పిల్లోడు అట్ల ఎగిరెగిరి పడతాంటే ఒక్కడన్నా పండ్లు ఇకిలించడే! వాని కష్టం చూస్తే నాకు ఏడుపొస్తాంది” అంది.

తర్వాత ఎస్తేరు పాట. అది నవ్వించే పాట కాదు. బడి వదిలాక ఖాళీ గదిలో ఒక్కతే పాడుకునే పాట. ఆమె వేదిక మధ్యకు వచ్చి నిలబడింది. నేను టేపు వదిలాను. మొదటి రెండు చరణాలు జనం కదలకుండా విన్నారు. దానం సారు షామియానా గుంజ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మూడో చరణంలో పైస్థాయికి వెళ్లే చోట మోటార్ల కరెంటు వచ్చింది.

పదిహేనేళ్ల పిల్ల గొంతు కిందికి జారడం మొదలుపెట్టింది. ముందు పెద్ద ఆడమనిషి గొంతు అయింది. తర్వాత మగవాడిది. తర్వాత పశువుల కొట్టంలో దున్నపోతు మూలిగినట్టయింది. ఆమె ఆపలేదు. నేను నేర్పినట్టే చేసింది. టేపు ఎంత నెమ్మదిస్తే పెదవులు అంత నెమ్మదిగా కదిపింది. నోరు తెరిచి, ఆ మూలుగు ఎంతసేపు సాగితే అంతసేపు తెరిచే ఉంచింది. కళ్లు నా వైపే ఉన్నాయి.

ముందు ఒక్కరు నవ్వారు. సుంకులమ్మే. ఆమె నవ్వు పైకి లేచి, ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు బావి గిలక తిరిగినట్టు కీచుమంటుంది. ఆ కీచుతో మూడు వందల మందీ పగలబడి నవ్వారు. ఎవరో “పాపకు పోతురాజు పూనినాడు రోయ్!” అని అరిచారు. మళ్లీ ఇంకో కెరటం.

నేను అక్కడ చేసింది రాయాలి. నా ముందు రెండు మెషీన్లున్నాయి. ఎడమ చేతి కింద పాట ఆపే మీట. కుడి చేతి కింద, పట్టే మెషీను లెవెల్ తిప్పే నాబు. సూది ఎర్ర గీత దాటింది. నా చెయ్యి మీట మీదికి వెళ్లలేదు, నాబు మీదికి వెళ్లింది. నవ్వు పగిలిపోకుండా లెవెల్ తగ్గించాను. సరిచూసుకున్నాను. ఆ తర్వాత పాట ఆపాను. ఈ రెంటికీ మధ్య తొమ్మిది సెకన్లు. టేపు మీద తర్వాత కొలిచాను. ఆ తొమ్మిది సెకన్లూ ఆ పిల్ల నోరు తెరుచుకుని నిలబడింది.

మొత్తం నవ్వు నలభై ఒక్క సెకన్లు.

దానం సారు అడిగింది

సత్యమూర్తి గారు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. “ఏమైందయ్యా?”

“మోటార్ల కరెంటు సార్.”

“స్టెబిలైజర్ ఉందిగా?”

“ఉంది సార్” అన్నాను. అబద్ధం కాదు.

ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకుని టేపు వెనక్కి తిప్పించి విన్నారు. కళ్లు మూసుకున్నారు. “ఇదీ నవ్వంటే” అన్నారు. “పాట రేపు పొద్దున జనం లేకుండా తీసుకుందాం.”

దానం సారు అప్పటికే వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. వేదిక వెనక ఎస్తేరు దగ్గర ఆడపిల్లలు గుమిగూడారు. జనం ఇంకా వెళ్లలేదు. లేవడానికి సిద్ధమవుతున్నారు.

“అప్పా, ఒక్క మాట మైకులో చెప్పు” అన్నాడు దానం సారు. గొంతు పెంచలేదు. “మా పాప గొంతు కాదు, మిషను చెడిపోయిందని. అంతే. నువ్వు చెప్తే నమ్ముతారు. నేను చెప్తే తండ్రి కాబట్టి చెప్తాండాడంటారు.”

నేను సత్యమూర్తి గారి వైపు చూశాను. ఆయన దానం సారు భుజం మీద చెయ్యి వేశారు. “మాస్టారూ, టేపు అని తెలిస్తే ఇకమీద మన షూటింగులకి ఎవరూ రారు. ఎల్లుండికి జనం మర్చిపోతారు. అమ్మాయికి టీవీలో పేరొస్తుంది చూడండి” అన్నారు.

దానం సారు ఆయన మాట విన్నాడు కానీ ఆయన్ని చూడలేదు. నన్నే చూశాడు. “ఈ ఊరు మరిచిపోదు సార్. ఈడ మూడు తరాల కిందటి పేర్లతో పిలుస్తారు మనుషుల్ని. పొద్దు పోయినాక చెప్పినా పనికిరాదు. అందరూ ఉన్నప్పుడే చెప్పల్ల.”

మైకు బల్ల మీదే ఉంది. దానికి స్విచ్చు నేనే పెట్టాను. ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు. సత్యమూర్తి గారు కూడా గట్టిగా వద్దనలేదు, నచ్చజెప్పారంతే. నేను చెప్పి ఉంటే స్టెబిలైజరు ఎక్కడుందన్న ప్రశ్న వచ్చేది. అదొక్కటే నా భయం. తల వంచుకుని వైర్లు చుట్టడం మొదలుపెట్టాను. దానం సారు కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. జనం లేచి దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయారు.

డబ్బాల బీరువా

తొమ్మిదో నంబరు డబ్బా మీద అలవాటుగానే రాశాను: 9, ఆళ్లగడ్డ, 41 సె.

ఆ నవ్వును బ్లేడుతో ముక్కలు చేశాను. చిన్న నవ్వు, మధ్యరకం, పొడుగు నవ్వు. పోతురాజు కేకను కోసి పారేశాను. సుంకులమ్మ గిలక కీచును మాత్రం తీయలేకపోయాను, నవ్వుల మధ్యలో కలిసిపోయింది. అదే ఆ నవ్వుకు ప్రాణం కూడా. జోకు పక్కన పెట్టి వింటే నాకే నవ్వొచ్చేది. మొదటి నాలుగు భాగాలు మిక్సింగ్ చేసి పంపాం. సిటీ నుంచి సత్యమూర్తి గారికి ఉత్తరం వచ్చింది: నవ్వులు అద్భుతం, ఎక్కడివి అని. ఆయన అది నాకు చదివి వినిపించారు. నా పని గురించి ఎవరైనా రాసిన మొదటి మంచి మాట అది.

ఈలోగా ఆళ్లగడ్డలో ఏం జరుగుతోందో ఓబులేసు చెప్పేవాడు. ఎస్తేరు వీధిలో వెళ్తుంటే అరుగుల మీది కుర్రాళ్లు గొంతు బొంగురు చేసి పాట అందుకునేవాళ్లు. చర్చిలో ఆమె పాడటానికి లేస్తే వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. “అది మాత్రం ఆపకుండా పాడిందన్నా. నువ్వే గదా ఆపొద్దని నేర్పింటివి” అన్నాడు. షూటింగుకు వచ్చేది, పాటలు పాడేది. ఓబులేసుతో వాదులాట మాత్రం తగ్గింది.

రెండో భాగం టీవీలో వచ్చిన వారం, ఒక శనివారం మధ్యాహ్నం, ఎస్తేరు బస్సెక్కి నంద్యాల వచ్చింది. తోడు ఓబులేసు. నేను మిక్సింగ్ గదిలో ఐదో భాగం పని మీద ఉన్నాను. సత్యమూర్తి గారు ఊళ్లో లేరు. ఎస్తేరు గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

“మైకన్నా, ఒక మాట అడుగుతా. నిజం చెప్తావా?”

“అడుగు పాపా.”

“టీవీలో ఓబులేసు మాట అన్నప్పుడంతా ఒక నవ్వు వస్తాంది. అది ఆ పొద్దు మా బడిలో నవ్విందేనా?”

ఫ్యాను తిరుగుతోంది. నేను కళ్లద్దాలు తుడుచుకున్నాను. “కాదు పాపా. అది సిటీ నుంచి తెప్పించింది.”

“సుంకులమ్మ సిటీకి ఎప్పుడు పోయిందన్నా?” అన్నాడు ఓబులేసు. వాడు నవ్వడం లేదు.

“నువ్వుండు” అంది వాడితో. మళ్లీ నా వైపు తిరిగింది. “సంగీతం కాలేజీ ఫారం తెచ్చినాడు నాయన. సోమవారం లోపల పంపల్ల. అందుకే అడిగేకి వచ్చినా. నవ్వింది నన్ను కాదని ఒక్కరన్నా చెప్తే...” అని ఆపేసింది.

ఇప్పుడు ఆ వాక్యాన్ని పూర్తి చేయడం నాకు కష్టం కాదు. అప్పుడూ కష్టం కాలేదు. కానీ ఒక్కటి ఒప్పుకుంటే అన్నీ ఒప్పుకోవాలి: నవ్వు, నాబు, మీట, స్టెబిలైజరు. పైగా తొమ్మిదో నంబరు పోతే నా దగ్గర ఉన్నవి దగ్గులు, గ్లాసుల చప్పుళ్లు. ఇంకా తొమ్మిది భాగాలు మిక్సింగ్ చేయాలి.

“నవ్వులన్నీ వినేదానికి ఒకే మాదిరి ఉంటాయి పాపా” అన్నాను.

ఎస్తేరు నా తల వెనక, తలుపు తెరిచి ఉన్న డబ్బాల బీరువా వైపు కాసేపు చూసింది. ఆ తర్వాత “సరే అన్నా” అని చెప్పులు వేసుకుంది. ఆమె ఎండకు కళ్లు చికిలిస్తోందనుకున్నాను.

మళ్లీ షూటింగుకు రాలేదు. దానం సారు ఒక పోస్టుకార్డు రాశాడు: పాపకు పరీక్షలు ఉన్నవి, క్షమించవలెను. ఫారం పంపలేదని ఓబులేసు చెప్పాడు.

సీరియలు ఆగకూడదు కాబట్టి సత్యమూర్తి గారు కథలో ఒక మలుపు రాశారు. ఆ అమ్మాయి తండ్రికి డోన్‌కు బదిలీ అయింది, ఆమె బడి మారిపోయింది. ఆ వార్త విన్న ఓబులేసు పాత్ర “పీడ పాయె! ఇంక మైకు మనదే” అనాలి. వాడు ఆ మాట పలకడానికి పదకొండు టేకులు తీసుకున్నాడు. ఆ మాట తర్వాత ఒక పొడుగు నవ్వు కావాలన్నారు సత్యమూర్తి గారు.

పెట్టాను.

రుద్రవరం

ఆ తర్వాత నేను చాలా పనులు చేశాను. మంచి మెషీన్లు వచ్చాయి, స్టెబిలైజర్లు ఎన్ని కావాలంటే అన్ని దొరికాయి. నా చేతి కింద పనిచేసిన పిల్లలు నన్ను చాదస్తుడు అనేవాళ్లు. ఏ ధ్వని ఎవరిది, వాళ్లను అడిగారా, ఎందుకు నవ్వారు, ఎందుకు ఏడ్చారు అని ప్రతి టేపుకూ ఒక కాగితం రాయించేవాణ్ణి. అది నా మంచితనం కాదు. ఒకసారి చెయ్యి కాలినవాడి జాగ్రత్త.

రిటైరైన ఏడాది, ఆర్టీసీలో కండక్టరుగా చేస్తున్న ఓబులేసు నంద్యాల బస్టాండులో కనిపించాడు. ఎస్తేరు నర్సు ట్రైనింగు చేసిందని, రుద్రవరం ఆసుపత్రిలో ఉందని చెప్పాడు. పాడుతుందా అని అడిగాను. “చర్చిలో అందరూ లేస్తే లేస్తుంది, కూర్చుంటే కూర్చుంటుంది. పెదవులు కదులుతాయి లేన్నా” అన్నాడు.

వెళ్లాను. వరసలో కూర్చున్నాను. నా వంతు వచ్చినప్పుడు ఆమె నా చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. తల నెరిసింది. నన్ను గుర్తుపట్టలేదనుకున్నాను.

“కొంచెం ఎక్కువుంది మైకన్నా. ఉప్పు తగ్గించల్ల” అంది.

నేను మొదలుపెట్టాను. ఆ రోజు స్టెబిలైజరు ఎక్కడ పెట్టానో, నా చెయ్యి ఎటు వెళ్లిందో, ఆ నవ్వు ఎక్కడిదో, వరసగా చెప్పాను. వెనక ఇద్దరు ముసలివాళ్లు వింటున్నారు. ఆమె మధ్యలో ఆపలేదు. పట్టీ చుట్టి డబ్బాలో పెట్టింది.

“తెలుసన్నా” అంది. “ఆ పొద్దు నీ బీరువాలో డబ్బా మీద నువ్వే రాసింటివి. తొమ్మిది, ఆళ్లగడ్డ అని. చదివేకి రాదా నాకు?”

“మరి...”

“తెలీక అడగలేదు. నువ్వు చెప్తావేమోనని అడిగినా.”

మాత్రల చీటీ రాసి నా చేతికిచ్చి, “పెద్దాయనా, నువ్వు రా” అని నా వెనక మనిషిని పిలిచింది.

ఇంటికి వచ్చి పాత మిక్సింగ్ కాగితాలు తీశాను. ప్రతి భాగంలో ఏ ధ్వని ఎక్కడ వాడానో రాసిపెట్టుకోవడం నాకు మొదటి నుంచీ అలవాటు, ఒక్క కాగితమూ పోలేదు. తొమ్మిదో నంబరు నవ్వు, ఆమె వచ్చి అడగక ముందు ఏడుసార్లు వాడాను. అడిగిన తర్వాత పంతొమ్మిది సార్లు.